పెట్టె సర్దుకొనక ముందు

(శతవార్షికోత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి, యౌవనస్థుల సంయుక్త కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములో నాకిచ్చిన అంశము "దూరదేశము వెళ్లువారి సిద్ధపాటు". ఈ అంశము కావలెనని అడిగినవారు స్త్రీల మైత్రి వారే. కారణము మనందరికిని తెలిసినదే. ఆదివారము ఆరాధనకు ముందు నా చేతికి వచ్చు ప్రార్థన విన్నపముల చీటీలలో కువైటు, దుబాయి, మస్కటు, దోహా అను పేర్లు లేని వారము లేదు. కడప ప్రాంతము నుండియు, ఉభయ గోదావరి ప్రాంతముల నుండియు మన ఆడపడుచులు ఇండ్లలో పనికి, మన తమ్ముళ్లు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, కూలీలుగా గల్ఫు దేశములకు వెళ్లుచున్నారు. కాబట్టి ఈ సాయంకాలము అమెరికా చదువులను గూర్చి గాక, ఎక్కువ మంది వెళ్లుచున్న ఈ గల్ఫు ప్రయాణమును గూర్చియే మాటలాడెదను.

వెళ్లండి అని గాని వెళ్లవద్దు అని గాని చెప్పుటకు నేను నిలువబడలేదు. అబ్రాహాము ఊరు విడిచెను, రూతు ఊరు విడిచెను, యోసేపు తన ఇష్టము లేకయే ఊరు విడువవలసి వచ్చెను. వెళ్లుటలో తప్పు లేదు. అయితే ఎక్కడికి, ఎవరి యొద్దకు, ఏ పనికి, ఎంత అప్పుతో వెళ్లుచున్నామో తెలియకుండ వెళ్లుట వలన మన ఇండ్లు నష్టపోవుచున్నవి. ఆ తెలియనితనమును కొంతయైనను తీసివేయవలెనని నా ప్రయత్నము.

మన పెద్దల ప్రయాణములు

మన తెలుగువారికి సముద్రము దాటుట క్రొత్త కాదు. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఓడలెక్కి మన పెద్దలు రంగూనుకు వెళ్లిరి. ఆ ఊరిని వారు "రంగం" అనెడివారు. అక్కడ ఓడరేవులో మూటలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పని చేసిరి. అంతకు ముందే మారిషసుకును, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకును, 1903 నుండి మద్రాసు రేవు మీదుగా ఫిజీకిని కూలీలుగా వెళ్లినవారు ఉన్నారు. చెరకు తోటలకు వెళ్లినవారు చదువలేని కాగితముపై వ్రేలిముద్ర వేసి వెళ్లిరి. ఫిజీలో ఆ ఒప్పందమునే గిర్మిట్ అనిరి; దాని గడువు ఐదేండ్లు.

1942లో జపాను సైన్యములు బర్మాలో ప్రవేశించినప్పుడు లక్షలాది భారతీయులు అడవులలో, కొండలలో కాలినడకన అస్సాము వైపు బయలుదేరిరి. త్రోవలోనే ఎందరో చనిపోయిరి. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యములు కువైటును ఆక్రమించినప్పుడు అక్కడనున్న మనవారు బస్సులలో ఎడారి దాటి జోర్డాను చేరిరి. అమ్మాను నుండి విమానములలో లక్షా డెబ్బదివేల మందికి పైగా భారతీయులను స్వదేశమునకు తెచ్చిరి. కట్టుబట్టలతో వచ్చినవారే అందులో ఎక్కువ. తరువాత ఐక్యరాజ్యసమితి ద్వారా నష్టపరిహారమిచ్చినప్పుడు, తాము ఆ సమయమున అక్కడ నుండి వెళ్లిపోయి వచ్చినట్లు రుజువు చూపవలసి వచ్చెను. కాగితము దాచుకొన్నవానికి అది సులభమాయెను.

సిద్ధపాటుతో ఊరు మారిన ఒకరిని కూడ జ్ఞాపకము చేసెదను. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన అజరయ్యగారు 1909లో దోర్నకలుకు మిషనరీగా వచ్చిరి. ఆయన మాతృభాష తెలుగు కాదు. వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లెలలో మన పూర్వికుల మధ్య తిరిగి, 1912లో అధ్యక్షుడాయెను. క్రొత్త చోటికి వెళ్లువాడు మొదట అక్కడి భాషను, అక్కడి మనుష్యులను నేర్చుకొనవలెనని మన సంఘ చరిత్రయే చెప్పుచున్నది.

మొదటి లెక్క: అప్పు

ఏజెంటు ఇంటికి వచ్చినప్పుడు జీతము చెప్పును గాని అప్పు లెక్క చెప్పడు. ఆ లెక్క మనమే వేసికొనవలెను.

ఒక తమ్ముడు డ్రైవరు పనికి వెళ్లుచున్నాడనుకొందము. జీతము 100 దీనారులు. దీనారు 270 రూపాయలని పెట్టుకొనినచో నెలకు 27,000. వీసాకు, టిక్కెట్టుకు లక్షన్నర రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. నెలకు వడ్డీయే 4,500. అక్కడ అతని తిండికి, ఫోనుకు మరి 4,500. మిగిలినది 18,000. ఇంటి ఖర్చుకు 10,000 పంపినచో చేతిలో మిగులునది 8,000. లక్షన్నర అసలు కూడబెట్టుటకు దాదాపు 19 నెలలు పట్టును. ఒప్పందము రెండేండ్లు, అనగా 24 నెలలు. రెండేండ్లు ఎండలో బండి నడిపి అతడు తనకని మిగుల్చుకొనునది ఐదు నెలల మిగులు, 40,000 రూపాయలు. ఇందులో జబ్బు లేదు, జీతము ఆలస్యము లేదు, చెల్లెలి పెండ్లి లేదు. అందులో ఏ ఒక్కటి వచ్చినను లెక్క తారుమారగును.

ఈ లెక్క వేసిన తరువాత కూడ వెళ్లవలసిన ఇండ్లు ఉన్నవని నాకు తెలియును. ఇక్కడ పని లేనివానికి ఆ 10,000 అన్నము. కాని లెక్క తెలిసి వెళ్లినవాడు మూడవ నెలలో గుండె చెదరిపోడు. ఇంటివారు కూడ "అక్కడ ఉండి మాకు పంపుట లేదు" అని నిందింపరు.

ఇంకొక సంగతి. లైసెన్సు గల రిక్రూటింగు ఏజెంటు పనివాని యొద్ద పుచ్చుకొనదగిన రుసుము మన ప్రభుత్వ నియమముల ప్రకారము 30,000 రూపాయలకు మించకూడదు. దానిపై 18 శాతము జి.ఎస్.టి. కలిపినచో 35,400. దానికి రసీదు ఇవ్వవలెను. లక్ష, లక్షన్నర అడిగి, రసీదు అడిగితే నవ్వువాడు ఏజెంటు కాడు. కువైటు ఇండ్లలో పనికి వెళ్లు స్త్రీల విషయములో, నియామకపు ఖర్చు పనిమనిషి మీద వేయకూడదని 2015లో చేసిన అక్కడి చట్టమే చెప్పుచున్నది. అక్కడ యజమాని డబ్బు కట్టగా, ఇక్కడ మన అక్క తాళిబొట్టు కూడ తాకట్టు పెట్టినచో, ఒకే వీసాకు ఇద్దరి యొద్ద పుచ్చుకొన్నారన్నమాట.

రెండవది: కాగితములు

పదవ తరగతి ప్యాసు కానివారి పాసుపోర్టు సాధారణముగా ఇ.సి.ఆర్. తరగతికి చెందును. అట్టివారు గల్ఫు దేశములతో కలిపి 18 దేశములకు పనికి వెళ్లుటకు ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్సు అను అధికారి అనుమతి పొందవలెను. 1983లో చేసిన ఎమిగ్రేషను చట్టము పెట్టిన కట్టుబాటు ఇది. దీనిని తప్పించుటకు కొందరు ఏజెంట్లు "విజిట్ వీసా మీద పంపెదము, అక్కడికి పోయిన తరువాత మార్చెదము" అందురు. విజిట్ వీసా మీద పని చేసినవాడు ఆ దేశపు దృష్టిలో నేరస్థుడు. జీతమియ్యకున్నను ఫిర్యాదు చేయుటకు వానికి నోరుండదు.

ఇ.సి.ఆర్. పాసుపోర్టు గల స్త్రీలు ఇండ్లలో పనికి వెళ్లుటకు 30 ఏండ్లు నిండి యుండవలెను. 2016 నుండి వారిని ప్రభుత్వము నియమించిన సంస్థల ద్వారానే పంపవలెనను ఆజ్ఞ కూడ కలదు. 24 ఏండ్ల పిల్లకు 31 అని వ్రాయించి పంపుట మన ఊళ్లలో జరుగుచున్నది. అమ్మలారా, ఆ అబద్ధపు వయస్సు ఆ పిల్లను జీవితాంతము వెంబడించును. ఆధారు కార్డు ఒకటి చెప్పును, పాసుపోర్టు ఒకటి చెప్పును, బడి సర్టిఫికెట్టు మరియొకటి చెప్పును. రేపు భీమా సొమ్ముకో, బ్యాంకు ఖాతాకో వెళ్లినప్పుడు "ఈమె ఆమె కాదు" అందురు.

అప్పు తెచ్చుటకు ముందే వైద్య పరీక్ష సంగతి చూచుకొనండి. గల్ఫు దేశములకు వారు ఆమోదించిన కేంద్రములలోనే పరీక్ష చేయించవలెను. క్షయ, కామెర్లకు కారణమైన హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. వీటికై చూచెదరు. ఎప్పుడో నయమైన క్షయ మచ్చ ఎక్సురేలో కనబడినను "అన్‌ఫిట్" అనుట కలదు. అక్కడికి చేరిన తరువాత మరల పరీక్ష చేయుదురు. అందులో తప్పినచో తిరుగు విమానమే. చిన్నప్పుడు ఆరు నెలలు మాత్రలు మ్రింగినవారు ముందుగా మన ఆసుపత్రిలో ఛాతీ ఎక్సురే తీయించుకొని చూచుకొనుట మేలు. పొలము తాకట్టు పెట్టిన తరువాత ఈ సంగతి తెలిసి ఏమి ప్రయోజనము?

ప్రవాసీ భారతీయ బీమా యోజన అను పథకము 2003లో మొదలైనది. ఇ.సి.ఆర్. వారికి అది తప్పనిసరి. 2017లో సవరించిన ప్రకారము రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు ప్రీమియము. ప్రమాదములో మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షలు. ఆ కాగితము ఇంటిలో ఎవరి యొద్దనున్నదో ఇంటివారికి తెలియవలెను. 2024 జూన్ 12న కువైటులోని మంగాఫ్‌లో కూలీలు నివసించు భవనములో అగ్నిప్రమాదము జరిగి 45 మంది భారతీయులు చనిపోయిరి. అందులో మన రాష్ట్రపు వారును ఉండిరి. అట్టి దినమున ఇంటివారు ఏడ్చుచు పెట్టెలు వెదకుకొనవలసిన అవసరము రాకూడదు.

చివరిగా, చిరునామా. మా పాస్టరేటులో ఒక కుటుంబము వారు తమ కుమార్తె ఫోను చేయుట లేదని నా యొద్దకు వచ్చిరి. "ఎక్కడ ఉన్నది?" అంటిని. "కువైటులో" అనిరి. "కువైటులో ఎక్కడ?" అంటే తెలియదనిరి. యజమాని పేరు కూడ తెలియదు, "బాబా" అనునని మాత్రమే తెలియును. ఆ పిల్ల జాడ తెలిసికొనుటకు నాలుగు నెలలు పట్టెను. అదే పాస్టరేటు నుండి వెళ్లిన మరియొక సహోదరి వెళ్లిన వారములోనే తానున్న పేట పేరు, బ్లాకు, వీధి, ఇంటి సంఖ్య, గోడమీద పలకకున్న సంఖ్య సహా ఫోటో తీసి అన్నకు పంపినది. ఆమెకు జీతము ఆగినప్పుడు ఆ చిరునామాతోనే అన్న మన రాయబార కార్యాలయమునకు ఫిర్యాదు పంపగలిగెను. జీతము వచ్చినది. ఈ ఇద్దరు పిల్లల మధ్య చదువులో తేడా లేదు. ఇద్దరును ఏడవ తరగతియే.

మూడవది: ఒప్పందము, హక్కులు

ఒప్పందములో ఏ పని, ఎంత జీతము, ఎన్ని గంటలు, సెలవు ఎప్పుడు అను నాలుగు సంగతులు తెలిసికొనక సంతకము చేయకూడదు. అరబ్బీ, ఇంగ్లీషు చదువలేనివారు చదువుకొన్నవారిచేత చదివించుకొనండి. మన సంఘములో టీచర్లు, గుమాస్తాలు ఎందరో ఉన్నారు. "రా, కూర్చుండుము, చదివి చెప్పెదను" అనుట కూడ పరిచర్యయే.

కువైటులో ఇండ్లలో పనిచేయువారికి 2015లో 68వ చట్టము వచ్చినది. దాని ప్రకారము రోజునకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారమునకు ఒక దినము విశ్రాంతి, సంవత్సరమునకు 30 రోజుల జీతముతో కూడిన సెలవు ఇవ్వవలెను. పనివారి సమ్మతి లేక యజమాని పాసుపోర్టు ఉంచుకొనకూడదు. 2016లో కనీస జీతము 60 దీనారులని నిర్ణయించిరి. 2021 జూన్‌లో గృహ కార్మికుల విషయమై మన దేశమునకు కువైటుకు ఒక అవగాహన పత్రము కూడ కుదిరినది.

అయితే చట్టము గోడలోపలికి వెళ్లుట కష్టము. ఇల్లు ఫ్యాక్టరీ కాదు. తనిఖీ చేయువాడు తలుపు తట్టడు. అక్కడ పనివాని నివాసపు హక్కు, అనగా అకామా, యజమాని చేతిలో ఉండును. ఆ యజమానినే కఫీల్ అందురు. చెప్పకుండ ఇల్లు విడిచినచో "పారిపోయినది" అని కఫీల్ ఫిర్యాదు చేయును. అకామా గడువు దాటినవారు దొరికినచో జైలు, తరువాత స్వదేశమునకు పంపుట. కువైటు 2018లోను, 2020లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, కాగితములు లేక దాగియున్న మనవారు ఎందరో తిరిగి వచ్చిరి. కాబట్టి కష్టము వచ్చినప్పుడు ఎవరో బయట ఎక్కువ జీతమిచ్చెదనని పిలిచినాడని గోడ దూకవద్దు. మన రాయబార కార్యాలయమునకు వెళ్లండి. అక్కడ కష్టములోనున్న గృహ కార్మికులకు ఆశ్రయమిచ్చు ఏర్పాటు ఉన్నది. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి టిక్కెట్టుకు, వైద్యమునకు సహాయము చేయుదురు. ఇంటివారు ఇక్కడ నుండియే మదద్ అను ప్రభుత్వ పోర్టలులో ఫిర్యాదు వ్రాయవచ్చును. అది 2015లో మొదలైనది.

"ఆజాద్ వీసా" అను మాట కూడ వినియుందురు. ఎక్కడనైనను పని చేసికొనవచ్చునని చెప్పి అమ్ముదురు. చట్టములో అట్టి వీసా లేదు. ఎవరో ఒక కఫీల్ పేరు మీద తీసిన వీసాయే అది; అతని యొద్ద గాక మరియొకచోట పట్టుబడినచో శిక్ష వెళ్లినవానికే.

యౌవనస్థులకు ఒక మాట. 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి విశాఖపట్టణము ప్రాంతము నుండి కంబోడియాకు వెళ్లిన తమ్ముళ్లను సైబరు మోసములు చేయు ముఠాలు నిర్బంధించి, మనవారినే మోసగించు పనిలో పెట్టినవి. కంప్యూటరు ముందు కూర్చుండు పని గనుక ప్రమాదము లేదనుకొనవద్దు.

నాలుగవది: పెట్టె, భాష, అక్కడి కట్టడలు

పెట్టె మీరే సర్దుకొనండి. ప్రక్కింటివారు "మా అబ్బాయికి ఈ పొట్లము ఇవ్వండమ్మా" అన్నచో, మొగమాటము లేకుండ వద్దనండి, లేదా వారి యెదుటనే విప్పి చూడండి. పొట్లములో ఏమున్నదో తెలియదను మాట విమానాశ్రయములో ఎవరును వినరు. మన వంటింటి గసగసాలు గల్ఫు దేశములలో మత్తుపదార్థముల క్రింద లెక్క. కోడికూర మసాలాలో గసగసాలు కలిపి పొడి కొట్టి పంపు తల్లులు ఇది గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. నొప్పికి, నిద్రకు, దగ్గుకు వాడు కొన్ని మందులును నిషేధమే. డాక్టరు చీటీ లేకుండ ఏ మాత్రయు తీసికొని పోవద్దు.

భాష విషయములో పెద్ద చదువు అక్కరలేదు. ముప్పది మాటలు నేర్చుకొని వెళ్లండి. రాతిబ్ అనగా జీతము, ఫులూస్ అనగా డబ్బు, ముస్తష్ఫా అనగా ఆసుపత్రి, షుర్తా అనగా పోలీసు, సఫారా అనగా రాయబార కార్యాలయము. "మాఫీ" అనగా లేదు అని అర్థము. మనకు మాఫీ అనిన ఋణమాఫీ జ్ఞాపకము వచ్చి ప్రాణము లేచి వచ్చును. అక్కడ "రాతిబ్ మాఫీ" అన్నచో సంతోషింపకండి. జీతము లేదని చెప్పుచున్నారు. తిరిగి వచ్చినవారు మన సంఘములలోనే ఉన్నారు. రెండు శనివారములు వారి యొద్ద కూర్చున్నచో ఈ ముప్పది మాటలు వచ్చును.

వేసవిలో అక్కడి ఎండ 45 నుండి 50 డిగ్రీల వరకు పోవును. కువైటులో జూన్ మొదలు ఆగస్టు వరకు పగలు 11 నుండి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని నియమము. మద్యము నిషేధము. రంజాను పగటివేళ బహిరంగముగా తినరాదు, త్రాగరాదు. స్త్రీల ఫోటోలు తీయరాదు. ఫోనులో ఆ దేశమును, వారి మతమును గూర్చి తేలికగా వ్రాసిన మాట జైలుకు పంపగలదు.

ఆరాధన విషయమును అందరును అడుగుదురు. కువైటులోను, ఎమిరేట్సులోను, బహ్రయినులోను, ఒమానులోను, ఖతారులోను ప్రభుత్వము అనుమతించిన ఆవరణములలో దేవాలయములు కలవు. కువైటు పట్టణములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణములో అనేక భాషల సంఘములు కూడుకొనును. తెలుగువారును శుక్రవారము అక్కడ ఆరాధింతురు. సౌదీ అరేబియాలో దేవాలయములు లేవు, బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. ఏ దేశములోనైనను ఇతర మతస్థులకు బోధించుట, కరపత్రములు పంచుట చేయరాదు. ఇంటిలో పనిచేయు స్త్రీలకు శుక్రవారము బయటికి వెళ్లనిచ్చుట అరుదు. కనుక వెళ్లుటకు ముందే కొన్ని కీర్తనలు, కొన్ని వాక్యములు కంఠస్థము చేసికొనండి. పుస్తకము లేనిచోట అవి మీ వెంట నుండును.

ఐదవది: ఇంటిలో మిగిలినవారు

ఇది అన్నిటికంటె కష్టమైన సంగతి గనుక కొంచెము నిదానముగా చెప్పెదను.

తల్లి వెళ్లుచున్నప్పుడు పిల్లలకు చెప్పకుండ, వారు నిద్రపోవుచుండగా రాత్రి బస్సెక్కుట మన ఇండ్లలో వాడుక. ఏడ్తురని భయము. కాని ఆ పిల్లవాడు ఉదయము లేచి ఇల్లంతయు వెదకును. అట్లు వెదికిన ఒక పిల్లవాడు ఆ తరువాత ఎన్నో నెలలు రాత్రులు పండుకొనుటకు భయపడెను. నిద్రపోయినచో ఇంకెవరు వెళ్లిపోవుదురో అని వాని భయము. తల్లులారా, ముందుగా చెప్పండి. ఎక్కడికి వెళ్లుచున్నారో, ఎందుకు వెళ్లుచున్నారో, ఎప్పుడు వచ్చెదరో చెప్పండి. పటములో ఆ దేశము చూపండి. అక్కడ గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక అని చెప్పండి. వారు ఏడ్చినను మీ చేతులలో ఏడ్వనివ్వండి. అది చీకటిలో వెదకుట కంటె మేలు.

పిల్లలను ఎవరి యొద్ద ఉంచుచున్నారో ఆలోచించండి. ముఖ్యముగా ఆడపిల్లలను. అమ్మమ్మ ప్రేమ గలదే గాని ఆమె కన్నులు కనబడుచున్నవా? బడిలో సంతకము ఎవరు చేయుదురు? జ్వరము వచ్చినచో రాత్రి ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోవుదురు? ఈ మూడు ప్రశ్నలకు పేర్లు చెప్పలేనివారు ఇంకను సిద్ధపడలేదు.

డబ్బు విషయము. వెళ్లుటకు ముందు మీ పేరనే బ్యాంకు ఖాతా తెరువండి. విదేశమున ఉద్యోగము చేయువారు ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరువవచ్చును, ఇక్కడి సాధారణ ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా మార్పించుకొనవలెను. జీతమును రెండు భాగములు చేయండి. ఒకటి ఇంటి ఖర్చుకు వెళ్లవలెను, రెండవది మీ ఖాతాలోనే ఉండవలెను. హుండీ మీద పంపకండి; రూపాయి ఎక్కువ వచ్చునని ఆశపడినచో మొత్తము పోయినను అడుగుటకు కాగితముండదు.

భర్తలతో ఒక మాట. మీ భార్య పరుల ఇంట గిన్నెలు కడిగి పంపిన డబ్బు అది. మన ఊళ్లలో స్తంభములు లేచి, ఇనుప చువ్వలు తుప్పు పట్టి నిలిచిపోయిన ఇండ్లు చూచుచున్నాము. పునాదికి వచ్చిన డబ్బు పునాదికి పోయెను. కప్పుకు వచ్చిన డబ్బు సారా దుకాణమునకు పోయెను. ఆమె తిరిగి వచ్చి ఆ చువ్వల క్రింద నిలువబడి ఏమి అడుగునో, మీరేమి జవాబు చెప్పుదురో ఈనాడే తలంచుకొనండి. నెలకొకసారి ఒక నోటు పుస్తకములో వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు వ్రాసి ఆమెకు ఫోనులో చదివి వినిపించండి. అట్లు చేయు భర్తలు మన మధ్య ఉన్నారు. వారి ఇండ్లకు కప్పు పడినది.

ఆరవది: సంఘము చేయవలసిన పని

సంఘ సభ్యులు వెళ్లుచున్నప్పుడు ప్రార్థన చేసి, దండ వేసి, ఫోటో తీసి పంపుచున్నాము. ఆ పైన ఏమి చేయుచున్నాము? ఈ శతవార్షిక సంవత్సరములో ప్రతి పాస్టరేటు నాలుగు పనులు చేయవలెనని మనవి చేయుచున్నాను.

ఒకటి, విదేశములలోనున్న సభ్యుల పట్టిక పెట్టవలెను. పేరు, దేశము, చిరునామా, ఇంటివారి ఫోను సంఖ్య. సమ్మతించినవారి పాసుపోర్టు, వీసా, ఒప్పందము, భీమా ప్రతులను ముద్రవేసిన కవరులో భద్రపరచవలెను. రెండు, వెళ్లుచున్నవారిని తిరిగి వచ్చినవారితో కూర్చుండబెట్టవలెను. 2018 నుండి ప్రభుత్వము కూడ ప్రయాణమునకు ముందు శిక్షణ ఇచ్చుచున్నది. దానికి వారిని పంపవలెను. మూడు, సభ్యత్వ పత్రము వ్రాసి ఇవ్వవలెను. అక్కడి తెలుగు సంఘమున చేరుటకు అది పరిచయము. నాలుగు, తల్లి గాని తండ్రి గాని దూరమున ఉన్న పిల్లల ఇంటిని నెలకొకసారి స్త్రీల మైత్రి వారు దర్శించవలెను. పలుకరించుటకు మాత్రమే గాక, ఆ పిల్లవాడు బడికి పోవుచున్నాడా, ఆ ఆడపిల్ల భయముతో ఉన్నదా అని చూచుటకు.

తిరిగి వచ్చువారికి కూడ సిద్ధపడవలెను. పదేండ్ల తరువాత వచ్చిన తల్లిని తన కొడుకే "మీరు" అని పిలిచిన ఇల్లు నేనెరుగుదును. మోకాళ్లు అరిగి, చక్కెర వ్యాధితో వచ్చినవారిని "ఏమి సంపాదించినావు?" అని మొదట అడుగువారము కాకూడదు. "బాగున్నావా అమ్మా?" అని అడుగుదము.

ముగింపు

బబులోనుకు చెరగా పోయిన వారికి యిర్మీయా ఒక ఉత్తరము వ్రాసెను. అక్కడ ఇండ్లు కట్టుకొనండి, తోటలు నాటండి, ఆ పట్టణపు క్షేమము కోరండి అని దాని భావము. తిరిగి వచ్చు దినము ఉన్నదని కూడ అందులోనే చెప్పెను. పరదేశములో ఉన్నంతకాలము అక్కడి పనిని నమ్మకముగా చేసి, అక్కడి కట్టడలను గౌరవించి, ఇంటి దారిని మరువకుండుటయే ఆ ఉత్తరము మనకు నేర్పునది.

చేతికఱ్ఱతో యొర్దాను దాటిన యాకోబు రెండు గుంపులై తిరిగి వచ్చెను. తిరిగి వచ్చుచు మొదట తలంచుకొన్నది తాను కోపము తెప్పించిన అన్నను గూర్చి, సమాధానపడుటను గూర్చి. మీలో ఎవరైనను వచ్చు నెలలో ప్రయాణము కట్టుకొనియున్నచో, కాగితములు సరిచూచుకొనండి, అప్పు లెక్క వ్రాసికొనండి, పిల్లలతో మాటలాడండి, పగ ఉన్నవారితో సమాధానపడండి. ఆ తరువాత పెట్టె సర్దుకొనండి.

వెళ్లువారి రాకపోకలను, మిగిలినవారి కన్నీళ్లను దేవుడు కాచి కాపాడును గాక. ఆమేన్.